కోనసీమ వేసవిని ఒక్క అంకెతో చెప్పలేం

ఏప్రిల్ మొదట్లో మా అమ్మ ఊళ్లో, మా అక్క రాజమండ్రిలో, ఇద్దరూ ఒకే రోజు సగ్గుబియ్యం వడియాలు పెట్టారు. అక్క మేడ మీద పెట్టినవి రెండో రోజు సాయంత్రానికి డబ్బాలోకి వెళ్లిపోయాయి. అమ్మవి నాలుగో రోజుకీ పంచె మీంచి ఊడి రాలేదు. వేలితో నొక్కితే మధ్యలో ఇంకా మెత్తగానే ఉన్నాయి. మా ఊరు అమలాపురం దాటి సముద్రం వైపు ఉంటుంది. రెండిళ్ల మధ్య వంద కిలోమీటర్లు కూడా లేవు. ఆ రోజుల్లో ఫోన్లో చూస్తే రాజమండ్రిలో 41 డిగ్రీలు, మా దగ్గర 36. "మీకేంటమ్మా, సముద్రం గాలి, హాయిగా ఉంటారు" అంది అక్క. అప్పటికి అమ్మ రెండోసారి స్నానం చేసి వచ్చింది. తుడుచుకున్న నిమిషానికే మెడ మీద మళ్లీ చెమట.

వడియం ఆరకపోవడానికి, చెమట ఆరకపోవడానికి కారణం ఒకటే. గాలిలో అప్పటికే తేమ ఎక్కువగా ఉంటే ఇంకొంచెం నీటిని అది అంత త్వరగా తీసుకోలేదు. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోయిన చెమట వల్ల నీరూ ఉప్పూ పోవడం తప్ప ఉపయోగం లేదు. అమెరికా వాతావరణ సంస్థ వాడే ఉష్ణ సూచీ లెక్క ప్రకారం 41 డిగ్రీల ఎండలో తేమ 25 శాతమే ఉంటే ఒంటికి సుమారు 43లా తగులుతుంది. అదే 36 డిగ్రీల దగ్గర తేమ 60 శాతం ఉంటే 48లా తగులుతుంది. అదీ నీడలో ఉన్న మనిషికి. అంటే అక్క చూసి జాలిపడాల్సిన అంకె మాదే.

కోనసీమ పొద్దున్నే చల్లగా ఉన్నట్టు కనిపించడమే ఇక్కడి చిక్కు. మార్చి నెలాఖరు నుంచి బంగాళాఖాతం మీదుగా దక్షిణపు గాలి గోదావరి డెల్టాలోకి తేమను మోసుకొస్తుంది. రాత్రి నేల చల్లారేకొద్దీ దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి, తెల్లారేసరికి కొబ్బరి తలల మీద బూడిదరంగు మబ్బుగా పరుచుకుంటుంది. అది కురిసే మబ్బు కాదు. పొద్దెక్కాక, తొమ్మిదికో పదికో విడిపోతుంది. రాత్రంతా ఉన్నప్పుడు మాత్రం నేల వదిలిన వేడిని పైకి పోనీయకుండా దుప్పటిలా పట్టి ఉంచుతుంది. రాత్రి 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతే ఫ్యాన్ కింద పడుకున్నా నిద్ర పట్టదు, పగలు అలసిన ఒళ్లు తేరుకోదు. పెద్దవాళ్లకీ గుండె జబ్బున్నవాళ్లకీ రెండు మూడు రాత్రులు వరసగా ఇలా గడిస్తే ఎంత ప్రమాదమో మన వార్తల్లో చెప్పేవాళ్లు తక్కువ.

ఎగువన కథ వేరు. కొవ్వూరు, నిడదవోలు, కోరుకొండ వైపు నేల ఎండిపోయి ఉంటుంది. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మీదుగా వచ్చే పొడి గాలి నేరుగా తగులుతుంది. డెల్టా వేసవి అంటే ఈ పడమటి గాలికీ సముద్రపు గాలికీ మధ్య రోజూ జరిగే పెనుగులాటే. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రం గాలి ఒడ్డు దాటి లోపలికి రావడానికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి రానే రాదు. మే నెలలో కాకినాడ లాంటి తీరపు ఊరు కూడా 40 దాటేది అలాంటి రోజుల్లోనే. కాబట్టి మాకు రేపు ఎన్ని డిగ్రీలు అన్నదాని కంటే గాలి ఎన్నింటికి మళ్లుతుంది అన్నదే ముఖ్యం.

ఈ మబ్బు రైతుల్ని కూడా ఊరికే వదలదు. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు సాగేది ఈ వేసవిలోనే. మిషన్ కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. మద్దతు ధరకు అమ్మాలంటే తేమ 17 శాతం దాటకూడదు. పొద్దున బరకాలు తీసి ఆరబోయాలంటే మబ్బు విడిచేదాకా కాచుకోవాలి, చీకటి పడే ముందే మళ్లీ కప్పాలి. రోజుకి దొరికే ఎండ నికరంగా కొన్ని గంటలే. రొయ్యల చెరువుల దగ్గర టెన్షన్ ఇంకో రకం. నీళ్లలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఎండ పడితేనే నీళ్లలోని సూక్ష్మ వృక్షాలు దాన్ని మళ్లీ నింపుతాయి. మబ్బు తొమ్మిదైనా విడవకపోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపడానికి లేదు. అదే సమయంలో కరెంటు పోతే రొయ్య పైకి తేలిపోతుంది. భీమవరం వైపు చెరువు గట్టు మీద పొద్దున్నే ఆకాశం కేసి చూస్తూ నిలబడిన మనిషిని చూస్తే ఈ మబ్బు ఖరీదెంతో తెలుస్తుంది.

మరి హెచ్చరికలు ఎలా ఉంటున్నాయి? భారత వాతావరణ శాఖ లెక్కలో వడగాలి అనాలంటే మామూలుగా మైదానంలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో కనీసం 37 ఉండి, అది ఆ రోజుల్లో ఉండాల్సిన దానికంటే నాలుగున్నర డిగ్రీలైనా ఎక్కువ కావాలి. మైదానానికి సరిపోయే కొలత అది. 36 డిగ్రీల ఉక్కపోతకి అందులో చోటు లేదు. విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే వడగాలుల మండలాల జాబితాలో తమ మండలం పేరు లేకపోతే మనవాళ్లు ఫర్వాలేదనుకుంటారు. ఆ సంస్థ పనిని నేను తక్కువ చేయడం లేదు. 2015 మే నెలలో వడగాలులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. అలాంటి వేసవిని చూసిన రాష్ట్రంలో మండలాల వారీగా మెసేజ్ రావడం పెద్ద మార్పే. వాతావరణ శాఖ కూడా 2023లో వేడినీ తేమనూ కలిపి చూపే ఉష్ణ సూచీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అది ఇంకా మా వీధి దాకా రాలేదు, నా బాధల్లా అదే.

పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావొద్దని అందరూ చెబుతారు. మా వైపు నాకు భయం వేసేది అంతకంటే ముందు, తొమ్మిదిన్నరకీ పదకొండుకీ మధ్య. మబ్బు నీడ ఉంది కదా అని జనం పనిలోనే ఉండిపోతారు, దాహం వేయలేదని నీళ్లు తాగరు. ఉన్నట్టుండి మబ్బు విడిపోయి, తడి గాలి కదలకుండా ఉండగానే ఎండ నెత్తిన పడుతుంది. సముద్రం గాలి అప్పటికింకా రాదు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక పూడిక తీసే ఉపాధి హామీ కూలీలు ఆ సమయంలో కాలువ అడుగున ఉంటారు. రెండు గట్ల మధ్య ఆకు కూడా కదలదు.

వాళ్లకి పనికొచ్చే మెసేజ్ పెద్దదేం కాదు. "అల్లవరం, ఉప్పలగుప్తం: పొద్దున మబ్బు, పదింటికి విడుతుంది. 36 డిగ్రీలు, తేమ 60 శాతం, ఒంటికి 48లా తగులుతుంది. గాలి మూడింటికి మళ్లొచ్చు. రాత్రి కూడా ఉక్కే." మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు తేమను కూడా నమోదు చేస్తున్నాయి. ఆ అంకెను డిగ్రీల పక్కన చేర్చి, మన మాటల్లో రాయడమే మిగిలింది. ముందు రోజు సాయంత్రానికే ఇది ఆ కూలీల పని చూసే మేటు ఫోన్‌కి చేరితే, మర్నాడు ఐదున్నరకే పని మొదలుపెట్టించి, తొమ్మిదికల్లా అందర్నీ గట్టెక్కించేస్తాడు.