కళ్లకు కట్టినట్టు

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక మనిషి ఉంటాడు. కళ్లూ ముక్కూ లేవు. చేతులు రెండూ ఒంటికి కాస్త ఎడంగా పెట్టి, టైలర్ ముందు కొలతలకి నిలబడ్డట్టు నిలబడి ఉంటాడు. పాదాల నుంచి ఛాతీ దాకా ఒంట్లో నీలం రంగు నీళ్లు, పైన ఒక చిన్న అల. పక్కన తాటికాయంత అంకెల్లో 60%. పెద్దవాళ్ల శరీరంలో సుమారు 60 శాతం నీరే ఉంటుందన్న సంగతిని ఇంతకన్నా కళ్లకు కట్టినట్టు ఎవరూ చెప్పలేరు.

మూడు నెలలు రోజూ చూశాక నాకొక అనుమానం వచ్చింది. నీళ్లు ఛాతీ దగ్గరే ఆగిపోయాయి కాబట్టి ఆయన తల పూర్తిగా పొడి. నిజానికి మెదడులో దాదాపు ముప్పాతిక వంతు నీరే. అంటే ఒంట్లో బాగా తడి ఉండే చోటునే ఎండగట్టేశారు. మొదట పొరపాటు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, అది నాలాంటి వినియోగదారుడి ఫొటో.

నేను ఇన్ఫోగ్రాఫిక్‌ల పక్షం, అంటే ఇలా అంకెల్నీ సంగతుల్నీ బొమ్మగా గీసి చెప్పేవాటి పక్షం, ముందే చెప్పేస్తున్నాను. వాక్యం రాస్తే ఎవరో ఒకరు ‘ఎవరు చెప్పారు?’ అంటారు. అదే మాటని ఒక గుండ్రని బొమ్మలో పెట్టి మూడు రంగులు వేస్తే ఎవరూ నోరెత్తరు. రంగులు వేసినవాడు అబద్ధం ఆడతాడా, అంత ఓపిక ఉన్నవాడు! బొమ్మని మన మెదడు అక్షరం కన్నా 60,000 రెట్లు వేగంగా పట్టేస్తుందట. ఈ సంగతి కూడా నాకు ఒక ఇన్ఫోగ్రాఫిక్కే చెప్పింది. ఆ లెక్క ఏ ప్రయోగంలోంచి వచ్చిందా అని తవ్వినవాళ్లకి ప్రయోగమే దొరకలేదు. దొరక్కపోతే ఏం, పక్కన మెదడు బొమ్మ ఉంది కదా, గులాబీ రంగులో.

నీళ్ల మనిషి పక్కన వరసగా ఎనిమిది గ్లాసులు ఉంటాయి. ఈ ఎనిమిది గ్లాసుల కథకు మూలం అమెరికాలోని ఫుడ్ అండ్ న్యూట్రిషన్ బోర్డు 1945లో రాసిన మాటేనని చాలామంది చెప్తారు. పెద్దవాళ్లకి రోజుకు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందని అందులో ఉంది. ఆ వెంటనే, అందులో చాలా భాగం తినే తిండిలోనే దొరుకుతుందని కూడా ఉంది. పాపం, ఆ రెండో వాక్యానికి బొమ్మ లేదు. గ్లాసైతే గీయడం సులువు. గీయడానికి వీల్లేని నిజం ఎంతకాలమని బతుకుతుంది?

పదివేల అడుగులదీ అదే దారి. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. పేరు మాన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన పేరు కాలక్రమంలో ఆరోగ్య సూత్రమై కూర్చుంది. ఇప్పుడు దానికి రెండు పాదాల గుర్తులు, చుట్టూ ఒక పచ్చటి వలయం. రాత్రి పడుకోబోయే ముందు ఆ వలయం పూర్తి కాలేదని హాల్లో గుండ్రంగా తిరిగేవాళ్లని నేనెరుగుదును. అందులో ఒకణ్ని అద్దంలో కూడా చూశాను.

ఈ విద్యకు పెద్దలు లేకపోలేదు. ముక్కలు కోసిన వృత్తాన్ని విలియం ప్లేఫేర్ 1801లో అచ్చువేశాడు, టర్కీ సామ్రాజ్యం ఏ ఖండంలో ఎంత ఉందో చూపడానికి. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా నివారించదగిన జబ్బులతోనే ఎక్కువమంది చనిపోయారని నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో పూరేకుల్లాంటి బొమ్మ గీసి చూపింది. డాక్టర్ జాన్ స్నో 1854 నాటి లండన్ కలరా చావుల్ని మ్యాపు మీద నల్ల గీతలుగా పేరిస్తే, అవన్నీ ఒక నీళ్ల పంపు చుట్టూ గుమిగూడాయి. వీళ్లందరికీ ఒక చాదస్తం ఉండేది. ముందు లెక్కలు పోగుచేసి, ఆ తర్వాత బొమ్మ గీసేవారు. మనం ఆ మొదటి మెట్టు తీసేసి ఎంత టైమ్ ఆదా చేశామో! సామ్రాజ్యాన్ని కోసిన అదే వృత్తాన్ని ఇవాళ ‘మీరు ఎలాంటి దిండు మనిషి?’ అని తేల్చడానికి వాడుతున్నాం.

వృత్తం మీద నాకు ప్రత్యేక గౌరవం ఉంది. మన కన్ను పక్కపక్కన నిలబెట్టిన గీతల పొడవుని బాగానే పోలుస్తుందిగానీ, కోణాలూ వైశాల్యాల దగ్గర తడబడుతుందని 1984లోనే క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగం చేసి మరీ చెప్పారు. అయినా వృత్తం ఏలుతూనే ఉంది, అందుకేనేమో. ఒకటి రెండింతలైందని చూపాలంటే వృత్తం అడ్డుకొలత రెండింతలు చేస్తే చాలు. వైశాల్యం దానంతటదే నాలుగింతలై కూర్చుంటుంది. మనం ఒక్క అబద్ధం ఆడనక్కర్లేదు, జ్యామితే ఆడిపెడుతుంది. ఈ మధ్య నా ఫోన్‌కి వచ్చిన ఒకదానిలో ముక్కలన్నీ కూడితే 118 శాతం వచ్చింది. కింద ఆధారాలేవో రాశారు, కాకపోతే అది చేతులు మారి మారి నా దగ్గరికొచ్చేసరికి ఆ అక్షరాలు చీమల బారు అయిపోయాయి. పెద్దది చేసి చూస్తే పెద్ద చీమలు.

ఇంత భక్తి ఉన్న నాకు, ఇంట్లో ఉన్న అసలైన ఇన్ఫోగ్రాఫిక్ ఒక్కటి చదవడం రాలేదు. అది స్వెట్టర్ మెడ వెనక కుట్టిన గుడ్డముక్క. నీళ్ల తొట్టి, త్రికోణం, చదరంలో వృత్తం, ఇస్త్రీపెట్టె. ఒక్క మాట లేదు, ఒక్క శాతం లేదు, రంగు కూడా లేదు. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకమని, త్రికోణం అంటే బ్లీచ్ సంగతని, ఇస్త్రీపెట్టెలో చుక్కలు పెరిగేకొద్దీ వేడి పెంచొచ్చని దాని అర్థం. తొట్టిలో చెయ్యి చూసి నేను ‘చెయ్యి పెట్టరాదు’ అనుకున్నాను. మిషన్‌లో వేసి, బాగా వేడినీళ్లు పెట్టాను. బయటికొచ్చిన దాన్ని మా ఆవిడ రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఏవండీ, ఇది ఎవరికి పడుతుందని?”

నేను ఫ్రిజ్ మీద మనిషి వైపు చూశాను.

ఆ పరువు నష్టం పూడ్చుకోవడానికే నేను స్వయంగా రంగంలోకి దిగాను. దుకాణాల వాళ్ల దగ్గర నేర్చుకున్న చిట్కా ఒకటి ఉంది. ఒక సరుకుకి 92 మార్కులు, ఇంకోదానికి 94 వచ్చాయనుకోండి. గీతల్ని సున్నా నుంచి మొదలెడితే రెండూ కవలల్లా ఉంటాయి. 90 దగ్గర మొదలెడితే రెండోది మొదటిదానికి రెండింతల ఎత్తు. అంకెలు నిజాలే, పాదాలు మాత్రమే నరికేశాం. కిందటి నెల నేను చేసిన ఇంటిపనులు లెక్కేస్తే 8. ఈ నెల 9. గీతల్ని 7 దగ్గర మొదలుపెట్టాను. మొదటిది ఒక అంగుళం, రెండోది రెండు అంగుళాలు. పైన ‘ఇంటి సేవలో రెట్టింపు వృద్ధి’ అని రాసి, పక్కన చీపురు బొమ్మ వేసి, ఫ్రిజ్ తలుపు మీద, నీళ్ల మనిషి పాదాల దగ్గర అంటించాను.

సాయంత్రం మా ఆవిడ చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు. “ఒక అంగుళం అంటే ఒక పని, అంతేనా?” అంది.

“అంతే,” అన్నాను, శాస్త్రవేత్తలా.

“7 నుంచి మొదలా?”

“అవును.”

డ్రాయర్‌లోంచి నల్ల మార్కర్ తీసుకొచ్చి నా రెండు గీతల పక్కన మూడోది మొదలుపెట్టింది. కింద ‘నేను - 34’ అని రాసింది. గీత నా కాగితం అంచు దాటింది. తలుపు తెల్లరంగు మీదికెక్కింది. నీళ్ల మనిషి మోకాళ్లు, నడుము, అల, ఆ పొడి తల, అన్నీ దాటుకుని పైకి పోతూనే ఉంది. చివర్లో ఆమె మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది.

“ఏవండీ, చెయ్యి అందట్లేదు. ఆ స్టూల్ ఇటు జరపండి. మీ పదో పని రాసుకుందురుగాని.”