శారీరం తగ్గిన చోట విద్య వినిపించింది

2023 అక్టోబరు 20న బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ 'హ్యాక్నీ డైమండ్స్' విడుదలైనప్పుడు విజయనగరంలో దసరా రోజులు. సిరిమానోత్సవానికి ఊరు సిద్ధమవుతోంది. రాత్రి మైకుల హోరు సద్దుమణిగాక పన్నెండు పాటలూ వరుసగా విన్నాను. 2005 తర్వాత వాళ్లు సొంత పాటలతో తెచ్చిన మొదటి ఆల్బమ్ ఇది. మధ్యలో, 2016లో, పాత బ్లూస్ (అమెరికా నల్లజాతి వారి జానపద బాణీ) పాటలను మాత్రం ఒక ఆల్బమ్‌గా పాడారు.

ఎనభై ఏళ్ల వాళ్ల గాయకుడు మిక్ జాగర్ కుర్రవాడిలా పాడాడని లోకమంతా మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు చాలా చిన్నదిగా అనిపిస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు విని పెరిగిన ఊరు మాది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా మొదలైన సంగీత కళాశాల ఇప్పటికీ ఇక్కడ ఉంది. ముసలి విద్వాంసుడి కచేరీ విని వచ్చినవాళ్లు ఇక్కడ 'శారీరం తగ్గింది కానీ విద్య తగ్గలేదు' అంటారు. శారీరం అంటే గొంతు. వయసును దాచమని ఆయనను ఎవరూ అడగరు.

ఈ ఆల్బమ్ మొదటి సగం చేసే పని ఆ దాచడమే. నిర్మాత ఆండ్రూ వాట్ శబ్దాన్ని ఒకే ఎత్తులో నిలిపి, గొంతులోని గరుకునంతా నున్నగా చెక్కేశాడు. పాటలు చురుగ్గానే ఉన్నాయి. ఆల్బమ్ మొత్తం మీద పాల్ మెకార్ట్‌నీ, స్టీవీ వండర్, లేడీ గాగా వంటి అతిథులూ వచ్చారు. అయినా ఆ మొదటి సగంలో ఊపిరి తీసుకునే చోటు లేదు.

ఆ చోటు ఇచ్చే మనిషి వాళ్ల డ్రమ్మర్ చార్లీ వాట్స్. స్నేర్ డ్రమ్ము మీద దెబ్బ పడే క్షణంలో ఆయన హైహ్యాట్ అనే జంట తాళాల మీది కర్రను ఎత్తేసేవాడు. రెప్పపాటు ఖాళీ. వాళ్ల పాటలకు ఆ నడక చాలా వరకు అక్కడి నుంచే వచ్చింది. 2021 ఆగస్టులో ఆయన పోయాడు. అంతకుముందు రికార్డు చేసిన ఆయన వాయిద్యం ఇందులో రెండు పాటల్లో ఉంది. ఒకదానిలో, 1990ల ఆరంభంలో బృందాన్ని వదిలిన బిల్ వైమన్ కూడా బేస్ వాయించాడు. చివరి పాట తప్ప మిగతావాటిలో డ్రమ్స్ స్టీవ్ జోర్డన్ గట్టిగా, నిజాయితీగా వాయించాడు. అది వేరే నడక. లోటు తెలుస్తూనే ఉంటుంది, తెలియాలి కూడా.

చివరి పాట దగ్గర అంతా మారిపోతుంది. బ్లూస్ గాయకుడు మడీ వాటర్స్ 1950లో పాడిన పాట అది. 1962లో ఈ కుర్రాళ్లు తమ బృందానికి పేరు తీసుకున్నది దాని నుంచే. డ్రమ్స్ లేవు, అతిథులు లేరు. కీత్ రిచర్డ్స్ గిటారు, జాగర్ గొంతు, హార్మోనికా. మూడు నిమిషాలైనా లేదు.

వింటుంటే గజపతినగరం దగ్గర ఒక పల్లెలో చూసిన, జముకు అనే తీగవాద్యంతో చెప్పే జముకుల కథ గుర్తొచ్చింది. కథకుడికి డెబ్బై దాటి ఉంటాయి. ఎల్లమ్మ కథలో పై స్వరం అందుకోవలసిన చోట ఆయన గొంతు ఆగిపోయింది. పక్కనున్న వంతపాటగాడు చంకలోని జముకు తీగను ఇంకాస్త బిగించి మీటాడు. గొంతు వదిలిన స్వరాన్ని తీగ పైకి తీసుకుపోయింది. ముసలాయన కళ్లు మూసుకుని ఆ ధ్వని దిగేదాకా ఆగి, దాని కిందనుంచి మళ్లీ కథ ఎత్తుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు ఒక్కరూ కదలలేదు.

జాగర్ కూడా అలాగే చేశాడు. పాదం చివర మాట సన్నగిల్లగానే హార్మోనికా అందుకుంటుంది, అందులో ఆయన ఊపిరి పీల్చడం స్పష్టంగా వినిపిస్తుంది. రిచర్డ్స్ వేళ్లకు కీళ్లనొప్పులున్నాయి. తక్కువ స్వరాలు వాయించి, ప్రతిదాన్నీ మోగనిస్తాడు. పద్దెనిమిదేళ్ల నిరీక్షణకు నాకు దొరికింది ఈ ఒక్క పాటే. మిగతా పదకొండింటిలో కొన్నింటిని ఇప్పటికే మరిచిపోయాను. దీన్ని మాత్రం ఇంకా రాత్రిపూట, దీపం తీసేసి వింటున్నాను.