పగటి శాఖ, రాత్రి శాఖ

మా కర్నూలు జిల్లాలో పురావస్తు శాఖలు రెండు. ఒకటి పగలు పనిచేస్తుంది, ఇంకొకటి రాత్రి.

మొన్న మా ఊరి గుట్ట మీదికి పగటి శాఖ వచ్చింది. ముగ్గురు మనుషులు, అద్దె జీపు, ఒక టేపు, రెండు బ్రష్షులు. అరగంటలో చుట్టూ నలభై మంది చేరినాము. పనిలేక నేనూ పోయినాను, అబద్ధమెందుకు.

"ఏం సార్, కుండ తగిలిందా?" అన్నాడొక పెద్దాయన.

"తగిలింది!" అని చిన్న సారు సంబరంగా అరచేయంత పెంకు చూపించినాడు. లోపల నలుపు, బయట ఎరుపు. రెండు వేల ఏండ్ల పైమాటేనట.

పెద్దాయనకు జాలేసింది. "పగిలిపోయిందే నాయనా! మా ఇంట్లో పగలనివి ఉండాయి, పంపియమంటావా?"

సారు ఆ పెంకును కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, కవర్లో పెట్టి చీటీ అంటించినాడు. ఎప్పుడు తవ్వుతారని అడిగితే, "నిధులు లేవు" అన్నాడు.

అంతే, గుట్ట ఖాళీ! నిధులు లేవని సర్కారు మనిషే చెప్పినాక ఎండలో నిలబడేదెవరు?

రాత్రి శాఖకు ఈ కొరత లేదు. జేసీబీ, మంత్రగాడు, నల్లకోడి, నిమ్మకాయలు అన్నీ వేళకు వస్తాయి. అనుమతి అమావాస్యే ఇస్తుంది. నంది కడుపులో బంగారం ఉంటుందనేది వాళ్ల సిద్ధాంతం. పరిశోధన మీద ఎంత శ్రద్ధంటే, ఈ చుట్టుపక్కల మెడ నిలిచిన నందిని నాకెవరైనా చూపించాల.

పగలు మనమేం తక్కువ? వానపడితే వజ్రాల కోసం జొన్నగిరి చేలల్లో వంగి వంగి వెతుకుతాం. పక్కనే ఎర్రగుడి బండ మీద అశోకుడు అంత రాయించి పెడితే, అటు తలెత్తేదెందరు? తెలుగు ప్రాచీన భాషని వేదికలెక్కి చొక్కా చించుకుంటాం. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళరాజు క్రీ.శ. 575 ప్రాంతంలో తెలుగులో వేయించిన శాసనాన్ని ఆ చొక్కాల్లో ఎన్ని చూసొచ్చినాయి?

మా అమ్మ గుడ్డలుతికిన బండ మీద అక్షరాలుండేవి. ఎవరికి ఎంత చేను ఇచ్చినారో, దాన్ని చెరిపినోడు ఏ నరకానికి పోతాడో రాసి ఉంటుంది. ఆ శాపం చదవగలిగినోడు రాకముందే సుత్తి వచ్చింది. పోయిన ఏడు రెండు ముక్కలు చేసినారు దొంగనాయాళ్లు! కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఒక్క కేసు లేదు. ఊర్లో అందరికీ పేర్లు తెలుసు.

సాయంత్రం చిన్న సారు వంకలో ఆ సగం బండను చూసినాడు. నీళ్లు చల్లి, వేలితో ఒక్కో అక్షరం తడిమినాడు. టీ కొట్టుకాడికి వచ్చి, "మిగతా సగం యాడుంది?" అని అడిగినాడు.

ఒక పెద్దమనిషి కొత్తింటి గడప కింద ఉంది. ఎవరం నోరు విప్పలేదు.