లాంగ్‌ జంప్‌ ఉంది, ఈత లేదు

తెల్లవారుజామున అమలాపురం వైపో, రాజోలు వైపో ఏ కాలేజీ గ్రౌండు చూసినా కుర్రాళ్లు రొప్పుతూ పరుగులు పెడుతుంటారు. కొందరిది పోలీసు కల, కొందరిది ఫైర్‌మన్‌ కల. పరుగు మాత్రం ఒకటే, ఎందుకంటే రెండు కొలువులకూ మనుషుల్ని ఎంచేది రాష్ట్ర పోలీసు నియామక మండలే. 2018 నవంబరులో కానిస్టేబుళ్లు, జైలు వార్డర్లతో కలిపి 2,723 పోస్టులకు ఒకే ప్రకటన వచ్చింది. అందులో 400 ఫైర్‌మన్‌ పోస్టులు.

చదువు ఇంటర్‌ పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులైతే పదో తరగతి పాసై, ఇంటర్‌ రెండేళ్లూ చదివి ఉంటే చాలు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. ఈ చిల్లర అంకెలు ఎక్కడివా అని లెక్కేసి చూశాను. 66 అంగుళాలు, 34 అంగుళాలు! పాత అంగుళాల కొలతనే సెంటీమీటర్లలో రాసుకున్నట్టుంది. ఇక కంటిచూపు 6/6 ఉండాలి, రంగులు పోల్చుకోగలగాలి, చదును పాదాలు ఉండకూడదు. 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్‌ జంప్‌. ఇంత జాగ్రత్తగా మనిషిని కొలిచిన వాళ్లు నీళ్లలో దిగగలవా అని మాత్రం అడగరు.

గోదావరి డెల్టాలో ఆ ప్రశ్న అడక్కపోవడం పెద్ద లోపం అంటాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాటి నుంచి మన ఊళ్లన్నీ కాలువల పక్కనే పెరిగాయి. రోడ్డుకు ఒక పక్క ఇళ్లు, మరో పక్క నిండు కాలువ. రాత్రిపూట మలుపు తప్పిన కారు ఆ కాలువలోకే పోతుంది. ఎండాకాలం స్నానానికి దిగిన పిల్లలు గౌతమి, వశిష్ఠ పాయల్లోనే మునుగుతారు. 101కి ఫోన్‌ చేస్తే వచ్చేది ఫైరింజనే. ఆ శాఖ పూర్తి పేరు కూడా విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. పేరులోకి విపత్తు వచ్చింది, అర్హతల్లోకి నీళ్లు రాలేదు. చివరికి గట్టు మీద నిలబడిన జనం ‘గజ ఈతగాళ్లను పిలవండి’ అని కేకలేయాల్సి వస్తుంది. ఆ వచ్చేవాళ్లు పక్క లంకలో చేపలు పట్టుకునే మనుషులు. వాళ్లకు జీతం లేదు, బీమా లేదు.

2019 సెప్టెంబరు 15న డెల్టాకు ఎగువన కచ్చులూరు దగ్గర బోటు మునిగితే, దాన్ని అక్టోబరు 22న బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. అంత లోతులోంచి బోటు తీయడం ఫైర్‌మన్‌ పని కాదు, ఒప్పుకుంటాను. కానీ పంటకాలువలో మునిగిన పిల్లాడి సంగతి వేరు. విజయవాడ దగ్గరి కొండపావులూరు నుంచి జాతీయ విపత్తు దళం రావాలంటే గంటలు పడుతుంది. మునిగినవాడికి ఉండేవి నిమిషాలు.

ఉద్యోగంలో చేరాక శిక్షణలో నేర్పొచ్చు కదా అంటారు. గ్యాస్‌ విషయంలో ఆ మాట నిజమే. కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్‌ బావిలో 1995 జనవరిలో ఎగసిన మంట 65 రోజులు మండింది. 2014 జూన్‌ 27న నగరం అనే ఊళ్లో పైపులైను నుంచి కారిన గ్యాస్‌ అంటుకుని తెల్లారేసరికి ఇళ్లు బుగ్గయ్యాయి. గ్యాస్‌ కమ్మిన చోట మొదట ఏం చేయాలో, ఏం చేయకూడదో తరగతి గదిలో నేర్పవచ్చు. పారే నీటిలో ఒంటిని నమ్మడం అలాంటిది కాదు. పాతికేళ్లు వచ్చాక కొన్ని నెలల్లో ఈత నేర్చినవాణ్ని, ప్రాణభయంతో మెడకు చుట్టుకునే మనిషిని మోసుకు రమ్మని వరద కాలువలోకి దింపితే రెండు ప్రాణాలూ పోతాయి.

మన పురపాలక సంఘాల చేతిలో ఇది లేదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ పనుల్లోనే చేర్చింది. ముంబైలో అది నగర పాలక సంస్థ కింద నడుస్తుంది. ఇక్కడ రాజమహేంద్రవరానికైనా, భీమవరానికైనా మనుషుల్ని ఇచ్చేది రాష్ట్రమే. అందులో ఒక సులువు కూడా ఉంది. ఈ అర్హతలు సర్వీసు నిబంధనల్లో ఉండేవి, వాటిని రాజ్యాంగం 309వ అధికరణ కింద ఒక జీవోతో సవరించవచ్చు. అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు.

సడలింపు కొత్త మాటా కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి సహా అయిదు ఉమ్మడి జిల్లాల గిరిజన అభ్యర్థులకు 160 సెంటీమీటర్ల ఎత్తు చాలని ఇప్పటికే ఉంది. ఎత్తు కొలత అందరికీ ఒకటే కానక్కర్లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, లంకలో పుట్టి అయిదడుగుల నాలుగంగుళాలున్న కుర్రాడు బరువు మోస్తూ ప్రవాహానికి అడ్డంగా ఈదితే, ఆ రెండంగుళాలు ఎందుకు వదలకూడదు? డెల్టా జిల్లాల్లో లాంగ్‌ జంప్‌ మార్కుల చోట ఈత మార్కులు ఎందుకు పెట్టకూడదు? ఈతకొలను ఉన్న బడుల పిల్లలకే ఇది లాభం అనే అభ్యంతరం నగరాల్లో చెల్లుతుందేమో. మా వైపు ఈత బాగా వచ్చింది పేదింటి పిల్లలకే.

2027లో పుష్కరాలున్నాయి. ప్రతి రేవులో లక్షల మంది దిగుతారు. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ అయ్యి ఘాట్ల దగ్గర నిలబడాలంటే జీవో ముందు రావాలి, నోటిఫికేషన్‌ తర్వాత.