కత్తెర ఆయనదే, నెల మాత్రం మనది

బ్రిటిష్ టీవీలో తోటపని నేర్పిన పెర్సీ త్రోవర్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు కానీ ఆయన టీవీకి ముందు పని రెండు ముక్కల్లో తేల్చేశారు. తండ్రే పెద్ద తోటమాలి, 1931లో విండ్సర్ రాజతోటల్లో చేరిక, 1946 నుంచి ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణ పార్కుల అధికారి. ఆ అనుభవమే తెర మీద మాట్లాడింది. 1976లో ఐసీఐ అనే రసాయనాల కంపెనీతో ప్రకటనల ఒప్పందం వల్ల బీబీసీ ఆయన్ను 'గార్డెనర్స్ వరల్డ్' అనే తోటపని కార్యక్రమం నుంచి తప్పించిన సంగతీ వదిలేశారు.

వ్యాసం చివర్లో, మార్చిలో గులాబీ కత్తిరించమన్నారే, అది ఇంగ్లండు లెక్క. అనంతపురంలో అలా చేస్తే లేతచిగురు ఏప్రిల్ ఎండకు మాడిపోతుంది. ఇక్కడ వానలు తగ్గాక, అక్టోబరు ఆఖర్లో చేయాలి. బయటి వైపు తిరిగిన చిగురు మొగ్గకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. ఇంకా పైన కోస్తే మిగిలిన మోడు ఎండి, ఎండు తెగులు కిందికి దిగుతుంది. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రనాశని) ముద్ద పూయాలి.

ఇంకోటి, మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, యూరియా దండగ. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. కలిపిన రోజే వాడేయాలి, నిలవుంటే తుప్పు రంగుకు తిరిగి పనికిరాదు.