ముందొక మాట, వెనకొక మాట: ఇంజిన్ ఆయిల్ డబ్బాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంజిన్ ఆయిల్ డబ్బా గారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. నా కారు క్షేమమో కాదో తమరి వీపు మీద ఏం రాసుందో తేలితే గానీ చెప్పలేను.

రెండు రోజులుగా తమరి ఎదుటే కూర్చున్నాను. ముఖం చూస్తే ముచ్చటేస్తుంది. బంగారు రంగు, దూసుకుపోతున్న కారు బొమ్మ, మధ్యలో అరచేతి వెడల్పున '5డబ్ల్యూ-30'. అంత పెద్దగా రాశారంటే అసలు సంగతి అదే కాబోలు అనుకున్నాను. పక్క డబ్బా మీదా అదే, దాని పక్కదాని మీదా అదే. మా మెకానిక్ అయితే తేల్చేశాడు కూడా: "అన్నీ ఒకటే సార్, పోసేద్దాం."

పోసేవాళ్లమే. ఇంతలో నా కారు మాన్యువల్ తెరిచాను. ఐరోపా కారు కదా, దానికి 5డబ్ల్యూ-30 అంటే చాలదట. ఏ 5డబ్ల్యూ-30 అని అడుగుతోంది.

తర్వాత తెలిసింది, ఆ అంకెలు చెప్పేది చిక్కదనం ఒక్కటేనని. డబ్ల్యూ అంటే వింటర్. 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఇంజిన్ తిరగడానికి అడ్డుపడనంత పల్చన. 30 అంటే ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే లెక్క. మనిషి ఎలాంటివాడని అడిగితే ఎత్తూ బరువూ చెప్పి ఊరుకున్నట్టుంది వ్యవహారం. గుణం సంగతి ఎవరినడగాలి?

గుణమంతా వీపు మీద పెట్టుకున్నారు తమరు. తిప్పి చూశాను. చీమ తలకాయంత అక్షరాలు. ఫోన్ టార్చ్ వేసి, కళ్లజోడు తుడుచుకుని చదివితే: ఏసీఈఏ సీ3, ఎంబీ 229.51, లాంగ్‌లైఫ్-04, 504 00, 507 00... రైళ్ల టైమ్ టేబుల్ అనుకుని దాదాపు పక్కన పెట్టేశాను.

అందులో ఏసీఈఏ అంటే ఐరోపా కార్ల తయారీదారుల సంఘం. మిగతావి మెర్సిడెస్ బెంజ్, బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వాగన్ కంపెనీలు ఆయిళ్లకు పెట్టుకున్న ఆమోదం నంబర్లు, పేర్లు. ఈ సంఘం 1996 నుంచి ఆయిళ్లకు తరగతులు కడుతోంది. ఆ తరగతుల్లో నాకు నిద్ర పట్టనివ్వనిది బూడిద. డీజిల్ కారు పొగగొట్టంలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది. మసి పేరుకుంటే తనంతట తానే కాల్చుకుని శుభ్రపడుతుంది. బూడిదను మాత్రం కాల్చలేదు. ఆ బూడిద వచ్చేది తమరి కడుపులోంచే. ఇంజిన్‌ను కాపాడడానికి కలిపిన కాల్షియం, మెగ్నీషియం, జింక్ ఆయిల్‌తో పాటు కొద్దికొద్దిగా కాలి, అక్కడికి చేరి, ఇక కదలవు. సీ3 తరగతిలో ఈ బూడిద 0.8 శాతం దాటకూడదు. ఏ3/బీ4 అనే మరో తరగతిలో 1.6 శాతం దాకా ఉండొచ్చు. ఇద్దరూ 5డబ్ల్యూ-30 వేషంలోనే వస్తారు. ఒకరు ఫిల్టర్‌ను బతకనిస్తారు, ఇంకొకరు మెల్లగా పూడ్చిపెడతారు. ఈ ముక్క ముఖం మీద రాయడానికి చోటు లేదు గానీ కారు బొమ్మకు ఉందా?

పోనీ, బూడిద తక్కువైతే ఎప్పుడూ మంచిదేనా అంటే, అదీ కాదు. ఆ లోహాల్లో కాల్షియం, మెగ్నీషియం ఆయిల్‌లో చేరే ఆమ్లాన్ని విరుస్తాయి. గంధకం ఎక్కువున్న ఇంధనం వాడేచోట ఆమ్లం పెరిగి అవి తొందరగా అయిపోతాయి. అందుకే బీఎండబ్ల్యూ బూడిద తక్కువుండే తన లాంగ్‌లైఫ్-04ను చాలా ఏళ్ల పాటు ఐరోపా బయట పెట్రోల్ ఇంజిన్లకు వద్దంది. ఇంత కథ ఉంటే, "అన్నీ ఒకటే సార్!"

అన్నిటికన్నా తమరి భాషకు దండం పెట్టాలి. ఒక డబ్బా మీద 'ఆమోదం పొందినది' అని ఉంటుంది. అంటే కారు కంపెనీ పరీక్షలు చూసి సరేనంది. ఇంకో డబ్బా మీద 'ప్రమాణాలకు తగినది', మూడోదాని మీద 'వాడదగినది' అని ఉంటుంది. అంటే ఆయిల్ కంపెనీ తనకు తానే సరేనంది. ఇతను డాక్టరు అనడానికీ, ఇతను డాక్టరంతటి వాడు అనడానికీ ఉన్నంత తేడా. కత్తి పట్టుకుని మీదికొస్తున్నప్పుడు ఎవరికైనా ఆ తేడా అర్థమవుతుంది. పాపం, ఇంజిన్‌కు చదువు రాదు.

'ఫుల్లీ సింథటిక్', అంటే పూర్తిగా కృత్రిమంగా తయారైనది, అన్న మాట గురించి ఎక్కువ మాట్లాడను. ముడి చమురును గట్టిగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 ఆయిల్‌నూ చాలా దేశాల్లో సింథటిక్ అనే అమ్మొచ్చు. అది చెడ్డదని కాదు. పేరు చూసి పొంగిపోయినందుకు నాకే సిగ్గేసింది, అంతే.

ఇప్పుడు నా మనవి. తమరు ఒక్కసారి వెనక్కి తిరిగి నిలబడండి. వీపు ముందుకు, ముఖం వెనక్కి. కంపెనీ ఆమోదం నంబరు అరచేతి వెడల్పున వేయించుకోండి. కారు బొమ్మ చీమంత ఉన్నా మాకేం ఫర్వాలేదు.

ఇట్లు,
టార్చ్ పట్టుకుని తమరి వీపు చదువుతున్నవాడు

తా.క.: తమరి బంధువుల్లో ఫోక్స్‌వాగన్ 508 00 నంబరున్న 0డబ్ల్యూ-20 ఒకాయన ఉన్నాడు. మరీ పల్చన, పాత ఇంజిన్లలో పోయకూడదు. తనను తెలియక పోసేస్తారేమోనని ఆకుపచ్చ రంగు పూసుకుని మరీ వస్తాడు. ఆయన్ని అడిగానని చెప్పండి.