వెంటిలేటర్ మూసుకోవాలట!

చలి మొదలైతే చాలు, ఆ మెసేజ్ మళ్లీ ఊరేగింపుకి బయల్దేరుతుంది. ఈ వారంలో ముగ్గురు పంపారు. మా బాబాయి అయితే రెండుసార్లు. "ఇండక్షన్ వంట విషం, కరెంటు గీజర్ యముడు, గ్యాసే క్షేమం, పదిమందికి పంపండి" అని దాని సారాంశం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఇండక్షన్ రేడియేషన్‌తో అన్నం విషమవుతుందట. వేడెక్కేది గిన్నె. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో అన్నానికి తెలియదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం ఆ స్టవ్ మీదికి వంగకుండా కాస్త ఎడంగా ఉండాలి. పనికొచ్చే ఆ ఒక్క ముక్కే మెసేజ్‌లో లేదు. పోషకాలు చచ్చిపోతాయన్నదానికి జవాబు కూడా దండగ.

కరెంటు బిల్లు పేలిపోతుందట. 14.2 కిలోల సిలిండర్‌లో ఉండే వేడి దాదాపు 180 యూనిట్లకు సమానం. అందులో 40 శాతం దాకా గిన్నె పక్కనుంచి గాలిలో కలుస్తుంది. ఇండక్షన్‌లో వృథా తక్కువ కాబట్టి అదే వంట 130 యూనిట్లలోపు అయిపోతుంది. యూనిట్ 5 రూపాయలైతే 650, 8 రూపాయలైతే వెయ్యి దాకా. దాన్ని మీ సిలిండర్ ధరతో పోల్చి చూసుకోండి. అంటే ఏసీలు తిరిగి పై శ్లాబులో పడే ఇంట్లో మెసేజ్ చెప్పిందే నిజం కావచ్చు. ఒప్పుకున్నాను. వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా మంటే కావాలి, అదీ ఒప్పుకున్నాను.

ఇక నాకు ఒళ్లు మండిన మాట: "బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకోండి, షాక్ భయం లేదు, చలిగాలి రాకుండా వెంటిలేటర్ మూసుకోండి." రాసిన మహానుభావుడికి ఓ దండం. అంత చిన్న గదిలో అన్నీ మూసి మంట పెడితే అది తినేది మనం పీల్చే గాలినే. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. సిలిండర్ లీకైతే తెలియాలని అందులో వాసన కలుపుతారు. ఈ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, రెండడుగుల దూరంలో ఉన్న గడియ చేతికందదు. "స్నానానికి వెళ్లి ఎంతకీ రాకపోవడంతో" అని మొదలయ్యే వార్తలు మనం చదవనివా?

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా" అన్నాడు బాబాయి. లోపలికి గాలి వచ్చే దారే లేకపోతే ఫ్యాన్ బయటికి తోసేది దేన్ని? గ్యాస్ గీజరే కావాలంటే బయట గాలాడే చోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి వేయించుకోవాలి.

షాక్ భయం అబద్ధం కాదు. బకెట్లో వేసే హీటర్ రాడ్ ప్రాణాలు తీస్తుంది. దానికి మందు మంచి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల స్విచ్ (ఆర్‌సీసీబీ). వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టడం కాదు.

బాబాయ్, మీ గీజర్ ఎక్కడుందో ముందు ఫొటో పంపు. లోపలే ఉంటే ఆదివారం ప్లంబర్‌ని వెంటబెట్టుకుని నేనే వస్తా. అప్పటిదాకా పిన్నిని పొయ్యి మీద నీళ్లు కాచి ఇమ్మను.